దీక్షకో న్యాయం, మనస్సాక్షికో న్యాయమా?

చెన్నైలో, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద మా ఆఫీసులో క్లయింటు వచ్చే రోజు అందరూ లెదర్ షూ వేసుకోవాలన్నది రూలు. మొన్న కార్తీకంలో మాల వేసుకున్న నెల్లూరు అబ్బాయి నల్లబట్టలతో, వట్టికాళ్లతో మీటింగుకు వచ్చాడు. అందరూ "రండి స్వామీ" అని దారిచ్చారు. నాకూ సంతోషమే. అదే వారం, తోలు వస్తువులు ముట్టనని ఏళ్లుగా పాటిస్తున్న ఒంగోలు అమ్మాయి గుడ్డ షూ వేసుకుంటానంటే మేనేజరు ఒప్పుకోలేదు. "నీది ఇష్టం తల్లీ, ఆయనది దీక్ష" అన్నారు. అరువు బూట్లతో మీటింగులో కూర్చుని, అయిపోగానే వాష్‌రూమ్‌కెళ్లి కాళ్లు కడుక్కుంది. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

మతానికే మినహాయింపు చాలనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మండల దీక్షకు 41 రోజుల లెక్కుంది, నియమాలు అందరికీ తెలుసు. నమ్మకం పేరు చెప్పి ఎవరికి తోచింది వాళ్లు అడిగితే ఆఫీసు నడిచేదెలా? నిజమే, వడపోత కావాలి. అయితే ఆ జల్లెడ దేవుడే కానక్కర్లేదు. ఇంగ్లండులో 2020లో ఒక ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ నైతిక వీగనిజానికీ, అంటే జంతువులను హింసించకూడదని వాటి నుంచి వచ్చే తిండీ వస్తువులూ మానేయాలన్న నమ్మకానికీ, చట్టరక్షణ ఉందని చెప్పింది. నమ్మకం నిజమైనదేనా, బతుకులో బరువైన విషయమా, ఎదుటివాళ్ల హక్కులకు అడ్డొస్తుందా అని అక్కడ చూస్తారు. మాల వేసుకున్నవాళ్లనూ ఇవే అడగొచ్చు.

అంతదూరం ఎందుకు? ఈ తమిళనాడే 1967 సవరణతో, పురోహితుడు లేకుండా బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకునే సుయమరియాదై (ఆత్మగౌరవ) పెళ్లికి హిందూ వివాహ చట్టంలోనే చోటిచ్చింది. రాజ్యాంగం 25వ అధికరణలోనూ మతం కంటే ముందు వచ్చేది అంతఃకరణ స్వేచ్ఛే.

మూడో దారి కూడా ఉంది: కారణం అడగకుండా ఎవరికైనా గుడ్డ షూ వేసుకోనివ్వడం. బట్టలు, బూట్లు, తిండి లాంటి చిన్న విషయాల్లో నా ఓటు దీనికే. ఎవరూ తమ మనసు విప్పి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కానీ ఒకరు తప్పుకుంటే ఆ పని ఇంకొకరి మీద పడే చోట, పండగనాటి నైట్ షిఫ్టు లాంటి వాటిలో, కారణం అడగక తప్పదు. అక్కడ మాత్రం ఇద్దరికీ ఒకే కొలత ఉండాలి. ఫ్యాక్టరీలో సేఫ్టీ షూ విషయమైతే స్వామికీ మినహాయింపు వద్దు, ఆ అమ్మాయికీ వద్దు; తోలు లేని సేఫ్టీ షూ దొరుకుతాయి, అవి కొనివ్వాలి.