12 అంగుళాల ప్రాక్టీస్ ప్యాడ్: పర్డీకి చాలింది, వాట్స్‌కు చాలలేదు

అపార్ట్‌మెంట్‌లో డ్రమ్ కిట్ పెట్టుకునే వీలులేక, 1,450 రూపాయలకు కొన్న రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ మీద ఎనిమిది నెలలుగా రోజూ అరగంట సాధన చేస్తున్నాను. దీనికి ఒకవైపు గట్టి రబ్బరు, మరోవైపు మెత్తటి రబ్బరు ఉన్నాయి. కర్రలు విడిగా కొనుక్కోవాలి. కొత్తలో రబ్బరు వాసన వారం రోజులు వదలలేదు.

నన్ను ఈ వాద్యం వైపు లాగిన డ్రమ్మర్ల వాయింపులో ఎంత భాగం దీని మీద నేర్చుకోగలనన్నదే నేను పెట్టుకున్న పరీక్ష. అరీతా ఫ్రాంక్లిన్ వంటి గాయకులకు వాయించిన అమెరికన్ డ్రమ్మర్ బెర్నార్డ్ పర్డీ పేరుతోనే ఒక షఫుల్ (ఊగుతున్నట్టు సాగే లయ నడక) ప్రసిద్ధమైంది. అందులో తిశ్రంలోని మూడు దెబ్బల్లో మొదటిదీ మూడోదీ కుడిచేత్తో హై-హ్యాట్ (స్టాండుకు బిగించిన జంట తాళాలు) మీద పడితే, మధ్యది ఎడమచేత్తో స్నేర్ (అడుగున తీగలుండే డ్రమ్ము) మీద వినీ వినపడనంత మెత్తగా పడుతుంది. దీనినే ఘోస్ట్ నోట్ అంటారు. ఆ మధ్య దెబ్బ కాస్త బరువుగా పడినా స్నేర్ తీగల గలగలలో కొంత దాగిపోతుంది గాని, ఈ ప్యాడ్ మీద మాత్రం దాగదు. పైగా మెత్తటి వైపున కర్ర తనంతట తాను పెద్దగా లేవదు కనుక మణికట్టుకు పని తప్పదు. నా ఎడమచేయి అదుపులోకి రావడానికి రెండు నెలలు పట్టింది. పెట్టిన డబ్బుకు ఈ ఒక్క ఫలితం చాలు.

రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లిష్ రాక్ బృందంలో 1963 నుంచి 2021లో మరణించేవరకు కొనసాగిన డ్రమ్మర్ చార్లీ వాట్స్ దగ్గరికి వచ్చేసరికి ప్యాడ్ చేతులెత్తేసింది. స్నేర్ మీద ఎడమచేతి దెబ్బ పడే క్షణంలో ఆయన కుడిచేతిని హై-హ్యాట్ మీద నుంచి ఎత్తేసేవారు. రెండు చేతులూ ఒకే రబ్బరు మీద పడుతున్నప్పుడు ఆ ఖాళీ చెవికి అందదు. ఎడమచేతి వాటం ఉండి కూడా కుడిచేతి వాటపు కిట్ మీద వాయించిన బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ వేర్వేరు డ్రమ్ముల మీదుగా సాగే తీరు కూడా ఇక్కడ కుదరదు. ఇక లెడ్ జెప్లిన్ బృందపు డ్రమ్మర్ జాన్ బోనమ్ బేస్ డ్రమ్ మీద ఒకే పెడల్‌తో కుడికాలితో చేసిన పని గురించి ఈ ప్యాడ్‌ను అడగడమే అన్యాయం.

కొనేవారు స్టాండు కూడా తీసుకోవడం మంచిది. బల్ల మీద పెట్టి వాయిస్తే ప్యాడ్ చప్పుడు కన్నా బల్ల చప్పుడే పక్క గదికి ఎక్కువ వినిపిస్తుంది. నేను ప్రస్తుతానికి కింద దుప్పటి మడతపెట్టి నెట్టుకొస్తున్నాను.