ఐసీడీ-10-సీఎం నేర్చుకోవాలా, ఐసీడీ-11 నేర్చుకోవాలా?

హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్‌లో, అంటే జబ్బుల్ని డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ల ఐసీడీ జాబితా ప్రకారం కోడ్లుగా రాసే పనిలో, చేరేవాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది ఇదే. ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది కదా, మరి పాతది ఎందుకండీ అని. ఎందుకంటే మనం ఇక్కడ ఎక్కువగా చేసేది అమెరికా ఆసుపత్రుల బిల్లులు, వాళ్లేమో 2015 అక్టోబర్ నుంచి ఐసీడీ-10కి తాము మార్చుకున్న రూపమైన ఐసీడీ-10-సీఎం (పొట్టిగా సీఎం) మీదే ఉన్నారు.

ఖర్చు: సీఎంకి ఏటా మారే కోడ్ బుక్, కోచింగ్, పరీక్ష ఫీజు. 11కి డబ్ల్యూహెచ్‌ఓ సైట్‌లో కోడ్లు వెతుక్కునే బ్రౌజర్ ఫ్రీ.

కష్టం: షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న పేషెంట్‌ని తీసుకోండి, సీఎంలో ఇ11.22 అనే ఒక్క కోడ్‌లోనే రెండూ ఉంటాయి, కిడ్నీ ఏ స్టేజో చెప్పడానికి పక్కన ఎన్18 వేయాలి, ఇలా దాదాపు 70 వేల కోడ్లు. 11లో షుగర్‌కి 5ఏ11, కిడ్నీకి జీబీ61, మధ్యలో స్లాష్ పెట్టి కలుపుతాం, నాకైతే ఇదే సహజంగా అనిపిస్తుంది. పక్షవాతాన్ని (స్ట్రోక్‌ని) కూడా గుండె-రక్తనాళాల చాప్టర్ నుంచి తీసి నరాల చాప్టర్‌లో పెట్టారు, మంచి పని చేశారు.

రిస్క్: 11 ఒక్కటే నేర్చుకుంటే ఇప్పుడు ఇంటర్వ్యూలో ఇబ్బందే.

వెంటనే ఉద్యోగం కావాలంటే సీఎం. పబ్లిక్ హెల్త్, మరణాల లెక్కలు, ఆయుర్వేద రికార్డుల వైపు వెళ్లేవాళ్లకి 11.