800 రూపాయల స్కానర్, చదును మీద 70 దగ్గరే ఆగిన ఇంజన్

బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెల్ని ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) ఎక్కడ గుచ్చాలి, ఏ యాప్ వేసుకోవాలి అన్నవి అందరూ రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో మూడు చలికాలాలు పెట్రోల్ బండికి వాడాక నేను చెప్పేది ఒక్క సంగతి గురించే. చెక్ ఇంజన్ దీపం వెలిగితే కోడ్ చదువుకుందామని కొంటాం దీన్ని. డబ్బులు రాబట్టింది మాత్రం ఎవరూ పట్టించుకోని ఇంకో అంకె: కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత.

ఈమధ్య చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు తీసేశారు. చల్లగా ఉంటే నీలం దీపం, మరీ కాగితే ఎర్రదీపం, అంతే. నా బండిలో నీలం దీపం 55 డిగ్రీలకే ఆరిపోతుందని స్కానర్ పెట్టాకే తెలిసింది. ఆ తర్వాత ఎర్రదీపం వెలిగేదాకా ఇంజన్ ఏ వేడిలో ఉందో చెప్పే నాథుడు లేడు.

లీటరుకు 17 ఇచ్చే బండి డిసెంబరుకల్లా 14.5కి దిగింది. ఎయిర్ ఫిల్టర్ మార్చడం, ప్లగ్గుల గ్యాప్ సరిచేయడం, థ్రాటిల్ బాడీ తుడవడం, టైర్ల గాలి, అన్నీ అయ్యాయి, ఫలితం సున్నా. (ఫిల్టర్ శుభ్రంగా ఉంటే మైలేజీ పెరుగుతుందని ఒకప్పుడు నేనూ గట్టిగా చెప్పినవాణ్ణే. అది కార్బ్యురేటర్ బండ్ల నాటి మాట. ఇంజెక్షన్ బండిలో ఫిల్టర్ పూడుకుపోతే పికప్ పోతుంది గాని మైలేజీ దాదాపు కదలదని అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లోనే పరీక్షించి చెప్పింది.)

స్కానర్ అంకెలు ఇలా ఉన్నాయి. సెమిలిగూడ, సునాబెడ మధ్య చదును రోడ్డు మీద 68 నుంచి 72. సాలూరు వైపు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతుంటే 84. అదే ఘాటీ దిగుతుంటే అయిదారు నిమిషాల్లో 58. థర్మోస్టాట్ అంటే ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్. దాని మీద 82 అని కొట్టి ఉన్న ఇంజన్ చదును మీద 84, 90 మధ్య నిలబడాలి, దిగుడులో కూడా 80 చుట్టుపక్కలే ఉండాలి. 58 అంటే వాల్వ్ మూసుకోవడం లేదు, రేడియేటర్ పొద్దస్తమానం ఇంజన్ని చల్లారుస్తూనే ఉంది.

చల్లటి గోడల మీద పెట్రోల్ సరిగా ఆవిరి కాదు. అందుకని ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) కావాలనే ఎక్కువ పోస్తుంది. ఇంజన్ ఆయిల్ కూడా చిక్కగా ఉండి లాగుతుంది. మైదానంలో మే నెలలో ఈ జబ్బు దాదాపు తెలియదు. తెల్లవారుజామున మంచు కమ్మే మా కొండల్లో మాత్రం ట్యాంకులోంచి కారిపోయినట్టే ఉంటుంది.

అంకె చూసిన వెంటనే పార్టు కొనేయకండి, సెన్సరే అబద్ధం చెబుతూ ఉండొచ్చు. రాత్రంతా ఆపిన బండికి ఉదయం స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం వేసి చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజన్లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత రెండూ రెండు మూడు డిగ్రీల తేడాలో ఉంటే సెన్సర్ మంచిదే. తర్వాత స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకోండి. 80 దాకా చల్లగా ఉండి ఒక్కసారిగా కాలితే థర్మోస్టాట్ బాగుంది. మొదటి నిమిషం నుంచే మెల్లగా వెచ్చబడుతుంటే తెరుచుకుని బిగుసుకుపోయినట్టు, లేదా అసలు లోపల లేనట్టు. ఈ రెండోది వింతేమీ కాదు. బండి కాగుతోందని చెబితే వాల్వ్ పీకి పారేసే మిస్త్రీలు ఊరికొకరుంటారు. మైదానం నుంచి కొన్న సెకండ్ హ్యాండ్ బండి అయితే ముందు అదే చూడాలి.

నా బండిలో వాల్వ్ ఉంది, మూడు మిల్లీమీటర్లు తెరుచుకుని తుప్పు పొరలో ఇరుక్కుంది. కూలెంట్ బదులు ఎన్నాళ్లో బోరు నీళ్లు పోసిన ఫలితం అది. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. కూలెంట్ బకెట్లోకి వదిలి, 10 నంబరు పానాతో రెండు బోల్టులు విప్పితే హౌసింగ్ వచ్చేస్తుంది. కొత్త దాన్ని బిగించేముందు గిన్నెలో నీళ్లు కాచి, దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి చూడండి. 82 దగ్గర కదలాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి. ఎంత తెరుచుకుంటుందో చివరిదాకా చూడాలంటే ఇక్కడ వెసులుబాటు రెండు డిగ్రీలే. కోరాపుట్ ఎత్తులో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, చాలా వాల్వులు పూర్తిగా తెరుచుకునేది 95 దగ్గర. బిగించేటప్పుడు గాలి పోయే చిన్న రంధ్రం పైకి ఉండాలి, రబ్బరు రింగు కొత్తది వేయాలి. బోల్టులు అల్యూమినియంలోకి దిగుతాయి కాబట్టి పానాను పొట్టిగా పట్టుకుని బిగిస్తే చాలు. థర్మోస్టాట్, రింగు, ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ అన్నీ 1,200 లోపే అయ్యాయి.

ఇక్కడే దెబ్బ తగిలింది. మొదటిసారి స్టార్ట్ చేస్తే అంకె 104కి ఎగబాకింది, హీటర్లోంచి చల్లగాలి వచ్చింది. లోపల గాలి బుడగ ఇరుక్కుంటే ఇంతే. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, బండి ముక్కు ఎగువకు ఉండేలా వాలులో పెట్టి (మా దగ్గర వాలుకేం కొదవ లేదు), హీటర్ నిండా వేడి మీద ఉంచి, మూత తీసిన రేడియేటర్‌తో స్టార్ట్ చేశాక బుడగలన్నీ పోయాయి. మట్టం తగ్గినప్పుడల్లా కూలెంట్ పోస్తూ రావాలి, వాల్వ్ తెరుచుకుని బుడగలు ఆగాక మూత పెట్టాలి. స్కానర్ లేకుంటే ఆ 104 కనబడేది కాదు, ఎర్రదీపం వెలిగాకే తెలిసేది.

ఇప్పుడు చదును మీద 86, మూడు ఫుల్ ట్యాంకుల సగటు 16.4. పాత 17 రాలేదు. మిగతాది బంకులో పోసే ఇథనాల్ కలిసిన పెట్రోల్ వల్ల అనుకుంటున్నా. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ, తక్కువ పెట్రోల్ పోస్తోందో చెప్పే అంకె) అన్ని వేగాల్లోనూ +6 దగ్గర నిలబడుతోంది. ప్లస్ కనబడగానే గాలి లీకు కోసం పైపులు తడమక్కర్లేదు. మామూలు పెట్రోలుకు బరువులో ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే 13.5 చుట్టూ చాలు, అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. పాత బండి ఈసీయూ దాన్నే ప్లస్‌గా చూపిస్తుంది. గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న బండిలో, ఐడిలింగ్‌లో +15 ఉండి 2,500 ఆర్‌పీఎం దగ్గర మూడు నాలుగుకి దిగితే లీకు. లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోల్ పంపును అనుమానించాలి.

కొన్న కొత్తలో యాప్ చూపించే మైలేజీ అంకెను తెగ మెచ్చుకున్నాను. అది ఇప్పుడు చూడను. లోపలికి వెళ్లే గాలిని కాక దాని ఒత్తిడిని మాత్రమే కొలిచే మానిఫోల్డ్ సెన్సర్ ఉన్న బండిలో యాప్ గాలిని ఊహతో లెక్కగడుతుంది. నా ట్యాంకు లెక్కకీ దానికీ రెండు కిలోమీటర్లు తేడా. పైగా దీన్ని గుచ్చి వదిలేస్తే, బండి ఆపినా 16వ పిన్ను నుంచి కరెంటు తాగుతూనే ఉంటుంది. 40 మిల్లీఆంపియర్లంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్. రెండు వారాలు కదలని బండిలో 35 ఏహెచ్ బ్యాటరీ స్టార్టర్‌ని తిప్పలేక టక్కుటక్కుమంది. చవక నకళ్లలో వెర్షన్ 2.1 అని రాసినవాటికి తరచూ మధ్యలో కనెక్షన్ తెగిపోతుంది. నాకు పనికొచ్చింది 1.5, అదీ రెండో ప్రయత్నంలో.

రోజూ జయపురం వైపు ఘాటీ దిగి ఎక్కే పాత పెట్రోల్ బండికి, చేత పానా పట్టేవాళ్లకు ఇది కొనదగ్గదే. బరంపురంలో బజారుకీ ఇంటికీ మధ్య రెండు కిలోమీటర్లు తిప్పే బండిలో ఇంజన్ ఎలాగూ కాగదు, అక్కడ ఈ అంకె చూసి చేసేదేమీ ఉండదు. డీజిల్ బండికి పైన చెప్పిన ట్రిమ్ లెక్కలు పనికిరావు, ఉష్ణోగ్రత ఒక్కటే మిగులుతుంది. దానికోసం 800 పెట్టాలా అంటే, బండికి ముల్లు ఉంటే నేనైతే పెట్టను.