గాన్ గర్ల్: మలుపు తెలిసిపోయాక కూడా

గుట్టు తెలిసిపోయిన థ్రిల్లర్‌ను మళ్లీ ఎవరు తెరుస్తారు? అమెరికా రచయిత్రి జిలియన్ ఫ్లిన్ 2012లో తెచ్చిన ఇంగ్లీషు నవల 'గాన్ గర్ల్'ను మాత్రం ఏళ్ల తరబడి తెరుస్తూనే ఉన్నాను. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత కాపీ. కర్నూలు ఎండలకు అట్ట వంకర తిరిగింది, బంక ఎండిపోయి మధ్య పేజీలు చేతికి ఊడొస్తున్నాయి.

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఒక చిన్న ఊరు. ఐదో పెళ్లిరోజున నిక్ భార్య ఎమీ ఇంట్లోంచి మాయమవుతుంది. ఒక అధ్యాయం నిక్ చెప్తాడు, తర్వాతది 2005 జనవరి నుంచి మొదలయ్యే ఎమీ డైరీ. మొదటిసారి నేనూ అందరిలాగే ఎవరిని నమ్మాలో తేలక గబగబా పేజీలు తిప్పేశాను. అసలు రుచి రెండోసారి తెలిసింది. పోలీసులతో మాట్లాడుతూ నిక్ ఒకచోట, ఇది నా ఐదో అబద్ధం, ఇప్పుడే మొదలుపెట్టాను అన్నట్టు మనతో అంటాడు. మరి ముందు నాలుగూ ఎక్కడ? పెన్సిల్ పట్టుకుని వెనక్కి పోయి వెతికాను. మామూలు మాటల మధ్యనే ఉంటాయి, తొందరలో దాటిపోయింది మనమే.

ఇక్కడి నుంచి గుట్టు కొంత బయటపడుతుంది, చదవనివాళ్లు ఈ పేరా వదిలేయండి. మా పిన్నిది నంద్యాల, వారపత్రికల సీరియళ్లు చదివి పండిపోయిన మనిషి. ఇంగ్లీషు రాదు. ఎండాకాలం కరెంటు పోయిన రాత్రుల్లో మిద్దె మీద కూర్చుని ఆమెకు ఈ కథ తెలుగులో చెప్పుకొచ్చాను. మొగుడంటే భయమేసి తుపాకి కొనుక్కోవాలనుకున్నానని ఎమీ రాసుకున్న భాగం రాగానే పిన్ని ఆపింది. "అంత బయపడేది ఇంత సక్కంగా రాస్తుందా మే? తారీకులేసి, దస్తావేజు రాసినట్టుంది" అంది. నాకు సగం పుస్తకం అయ్యాక గానీ వెలగలేదు. ఆ డైరీ నున్నదనమే అందులోని లోపం. అది తెలిసి చదివితే ప్రతి ముద్దుమాటా ఇంకోలా వినిపిస్తుంది.

మొదట్లో విసుగొచ్చి దాటేసిన ఆర్థికమాంద్యం గొడవ ఇప్పుడు నాకు బాగా నచ్చే భాగం. న్యూయార్క్‌లో ఇద్దరికీ పత్రికా ఉద్యోగాలు పోతాయి, సొంతూరికి వస్తే అక్కడ మాల్ మూతపడి ఉంటుంది. భార్య దగ్గర మిగిలిన డబ్బుతో నిక్ తన కవల చెల్లెలితో కలిసి బార్ పెడతాడు. అత్తగారి సొమ్ముతో అంగడి తెరిచిన అల్లుడి గురించి మన వీధుల్లో ఎన్ని గుసగుసలు పోతాయో తెలిసినవాళ్లకు ఆ ఇంట్లో పేరుకున్న కసి వేరే విప్పి చెప్పక్కర్లేదు.

పుస్తకం చివరి వంతు మాత్రం ఎన్నిసార్లు చదివినా ముందరి పేజీల ఎత్తుకు రాదు. ఎమీ పాత స్నేహితుడి సరస్సు ఇంటి అధ్యాయాల్లో అన్నీ రచయిత్రికి కావలసినట్టే జరిగిపోతాయి. పోలీసులు ఉన్నట్టుండి మొద్దుబారిపోతారు. ముగింపు దగ్గర పిన్నికీ నాకూ పేచీ. "ఇంతేనా? పోలీసోళ్లు ఏం జేస్తాండారు?" అని ఆమె కోపం. నాకైతే నిక్‌కూ ఎమీకీ అంతకు మించిన శిక్ష లేదనిపిస్తుంది.

2014లో డేవిడ్ ఫించర్ తీసిన సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా ఫ్లిన్‌దే. బాగుంటుంది గానీ డైరీ బాగా కుదించుకుపోయింది, కాబట్టి పుస్తకం తర్వాతే చూడండి. ఇంగ్లీషు కష్టంగా ఉండదు. బూతులు మాత్రం ధారాళం. పిన్నికి చెప్పేటప్పుడు కొన్ని పేజీలు గుట్టుగా తిప్పేసేదాన్ని, "ఆడ ఏందో మింగినావ్" అని ప్రతిసారీ పట్టేసుకునేది.