కోట కేకు: క్రీమా, ఫాండెంటా, గనాషా?

వేసవి సెలవులు మొదలైతే చాలు, నా ఫోనుకి ఇదే ప్రశ్న. "అక్కా, పాప పుట్టినరోజుకి కోట కేకు చేద్దామనుకుంటున్నా. క్రీమ్‌తో చెయ్యనా, ఫాండెంట్‌తోనా?" ఫాండెంట్ అంటే చపాతీలా ఒత్తి కేకు మీద కప్పే చక్కెర ముద్ద. అడిగేవాళ్ళంతా కేకులు చెయ్యడం వచ్చినవాళ్ళే. స్పాంజి ఎట్లా పొంగించాలో, టర్న్‌టేబుల్ ఎట్లా తిప్పాలో నేను చెప్పే పనిలేదు. అందుకని తిరిగి ఒక్కటే అడుగుతా: "మీ ఇంట్లో కేకు ఎన్నింటికి కోస్తారమ్మా?"

"కార్డులో ఏడని వేశాం అక్కా."

కార్డు సంగతి కాదు నేనడిగేది. మేనమామ కావలి నుంచి బయల్దేరి, ఊళ్ళోకొచ్చాక గిఫ్ట్ ప్యాక్ చేయించుకుని, హాలుకొచ్చి పాపని ఎత్తుకుని ఫోటో దిగాక కోస్తారు చూడండి, ఆ టైము. మన నెల్లూరులో అది తొమ్మిదికి తక్కువ కాదు. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిన కేకు కారెక్కి, హాలుకి చేరి, లైట్ల కింద మూడు గంటలు నిలబడాలి. రుచీ, రంగూ, ఖర్చూ అన్నీ దీని తర్వాతే. మామూలు రౌండు కేకు కాస్త కరిగినా ఎవరికీ తెలియదు. కోటకి ఎత్తుంది, అంచులున్నాయి, నాలుగు మూలలా బురుజులున్నాయి. కరిగితే అది కోట కాదు, పుట్ట.

నాకెట్లా తెలుసంటారా? మా పెద్దోడి నాలుగో పుట్టినరోజు రోహిణి కార్తెలో వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవే. ఎనిమిదంగుళాల చదరపు కేకు మీద విప్పింగ్ క్రీమ్, మూలల్లో స్విస్ రోల్ (చాపలా చుట్టిన కేకు) బురుజులు, వాటి మీద ఐస్‌క్రీమ్ కోన్లు. ఇంట్లో ఏసీ కింద చూస్తే నాకే ముద్దొచ్చింది. హాలులో ఏడున్నరకి బల్ల మీద పెట్టాం. కాసేపటికి కరెంటు పోయింది. జనరేటర్ మీద లైట్లూ ఫ్యాన్లూ నడిచాయి గానీ ఏసీ నడవలేదు. ముందు పిట్టగోడ మీద స్టార్ నాజిల్‌తో పెట్టిన పళ్ళన్నీ మొద్దుబారి గుండ్రమయ్యాయి. తర్వాత ఒక కోను, భోజనం చేసి అరుగు మీద కూర్చున్న తాతలాగా మెల్లిగా తల వాల్చింది. చూస్తుండగానే క్రీమ్‌ని కూడా వెంటబెట్టుకుని జారింది. లోపలి స్విస్ రోల్ బట్టల్లేకుండా నిలబడింది. మా అత్తయ్య దగ్గరికొచ్చి, దిక్కులు చూసుకుని, "ఈశాన్యం మూలే పడాలా అమ్మాయ్?" అంది.

శ్రీకృష్ణదేవరాయలకి మన ఉదయగిరి కోట పట్టేదానికి ఏడాదిన్నర పట్టింది. 1513లో ముట్టడి వేస్తే 1514లో గానీ చేతికి రాలేదు. నా కోటకి గంటన్నర చాలింది, ముట్టడేసినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

క్రీమ్‌ని తిట్టాలని కాదు. తినేదానికి దాన్ని మించింది లేదు. పిలకాయలు ప్లేటు నాకేస్తారు. ఒక్క రోజులో పనైపోతుంది, చెయ్యి తప్పినా చాకుతో సరిచేసుకోవచ్చు. కానీ మనం కొనే నాన్‌డెయిరీ క్రీమ్ కొట్టాక మూడు నాలుగింతలవుతుంది కదా, ఆ పెరిగిందంతా గాలే. వేడికి కొవ్వు మెత్తబడితే ఆ గాలిని పట్టుకునేదేమీ ఉండదు. పైగా క్రీమ్ తడికి కోను కింద అంచు మెత్తబడుతుంది. అందుకే కోనుకి లోపలా బయటా కరిగించిన చాక్లెట్ పూసి ఆరబెట్టి వాడండి, ఏ పద్ధతిలో చేసినా సరే. సంక్రాంతి చలిలో, ఇంట్లోనే, ఫ్రిజ్‌లోంచి తీసిన అరగంటలో కోసేస్తామంటే నేనూ క్రీమే చేస్తా.

మరుసటేడు పంతం పట్టి ఫాండెంట్‌కి మారా. అది వేరే లోకం. చాకు వెనకవైపుతో గీస్తే గోడకి రాళ్ళ వరసలొస్తాయి, కోట గుమ్మానికి మేకులు పెట్టచ్చు, గోడ మీద తీగ పాకించచ్చు. పావుకిలో ఫాండెంట్‌కి ఒక చెంచా సీఎంసీ అనే జిగురు పొడి కలిపి పిసికితే జెండాలూ తలుపులూ మూడు నాలుగు రోజుల్లో అప్పడంలా గట్టిపడతాయి. ఆ కోట రాత్రి పదింటిదాకా నిటారుగా నిలబడింది. ఫోటోల్లో ఇప్పటికీ అదే అందం.

ఫోటోలయ్యాక ప్లేట్లు తీసేటప్పుడు చూశా. ప్రతి పేపర్ ప్లేటులో ఒక పక్కన మందపాటి గులాబీరంగు తొక్క, పనస తొనలు ఒలిచి పారేసినట్టు. లోపలి కేకు మాత్రం తిన్నారు. నాలుగు రోజుల పని నా చేత్తోనే చెత్తబుట్టలో వేశా. శాకాహారుల ఇళ్ళకి చేసేవాళ్ళకి ఇంకో మాట: కొన్ని ఫాండెంట్లలో జెలటిన్ ఉంటుంది, డబ్బా మీద పచ్చ చుక్క చూడకుండా కొనొద్దు.

ఇంతకన్నా పెద్ద చిక్కు తేమ. చక్కెర ముద్ద తేమని పీల్చకుండా ఎట్లా ఉంటుంది? మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరుదాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఆ రోజుల్లో ఫాండెంట్ చేతికి జిగురుజిగురుగా అంటుకుంటుంది, నాలుగు రోజులు ఆరబెట్టిన జెండా కూడా తలొంచుతుంది. పోయిన నవంబరులో ఎదురింటి వాళ్ళకి చేశా. ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకి కేకంతా చెమటలు. నీలం కప్పు రంగు తెల్లగోడ మీదికి చారలు చారలుగా దిగింది. అట్లా చెమట పడితే తుడవకూడదు. ఫ్యాన్ గాలి తగిలేట్టు వదిలేస్తే దానంతట అదే ఆరుతుంది. తుడిస్తే మచ్చలు మిగులుతాయి. కానీ చుట్టూ మూగిన ఇరవైమంది పిలకాయలకి "ముట్టుకోవద్దురా" అని ఎవరు చెప్పాలి?

ఇంకొకటి. విప్పింగ్ క్రీమ్ మీద నేరుగా ఫాండెంట్ కప్పకూడదు, క్రీమ్ తడికి చక్కెర కరిగి జారుతుంది. కింద గనాష్ (వేడి క్రీమ్‌లో కరిగించిన చాక్లెట్) గానీ బటర్‌క్రీమ్ (చక్కెర వేసి గిలకొట్టిన వెన్న) గానీ పూయక తప్పదు. ఎట్లాగూ గనాష్ పూస్తున్నప్పుడు, ఎవరూ తినని తొక్క దాని మీద మళ్ళీ ఎందుకు? ఇంత చిన్న సంగతి బుర్రకెక్కేదానికి నాకు రెండు కేకులు పట్టింది.

ఈ మేలో మా చెల్లెలి కూతురికి గనాష్ కోటే చేశా. వైట్ చాక్లెట్‌కి మామూలుగా మూడుపాళ్ళకి ఒకపాలు క్రీమ్ అంటారు, డార్క్‌కి రెండుకి ఒకటి. మన మే నెలకి వైట్ అయితే నాలుగుకి ఒకటి వేశా, అంటే కిలో చాక్లెట్‌కి పావుకిలో క్రీమ్. బజారులో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ చాలు. అసలు చాక్లెట్‌లో ఉండే కొవ్వు, కోకో బటర్, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మనకేమో మేలో 40 దాటుతుంది. అందుకని కోకో బటర్ బదులు వనస్పతి కొవ్వుండే కాంపౌండ్ చాక్లెట్టే వాడా. అసలు చాక్లెట్ తప్ప ముట్టని వాళ్ళు నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. కోట నిలబడాలి నాకు. రంగు మాత్రం నూనెలో కలిసేదే వెయ్యాలి. నీళ్ళ రంగు పడితే చాక్లెట్ బిగుసుకుపోయి రవ్వరవ్వగా అవుతుంది.

రాత్రి కలిపి మూతపెట్టి బయటే ఉంచితే పొద్దునకి పేరుకున్న నెయ్యిలా అవుతుంది. అప్పుడు పూయాలి. స్క్రాపర్‌ని వేణ్ణీళ్ళలో ముంచి, తుడిచి లాగితే గోడ అంచు కత్తిలా వస్తుంది. కాస్త గట్టిపడ్డాక స్కేలు అంచుతో నొక్కితే రాళ్ళ గీతలు కూడా పడతాయి. గుమ్మం, కిటికీలు, నాలుగు జెండాలు, ఇంతవరకే ఫాండెంట్. తొక్క మిగిలినా పిడికెడు.

తంటాలు లేకపోలేదు. బరువెక్కువ, తేలికపాటి స్పాంజి దీన్ని మొయ్యలేదు. వెన్న కేకు చెయ్యాలి, బురుజుల లోపల లావుపాటి స్ట్రాలు దించాలి. క్రీమ్ కన్నా ఖర్చు బాగా ఎక్కువ. వైట్ చాక్లెట్ తీపి కొందరికి వెగటు. దానికి నేను పొరల మధ్య పల్చగా నిమ్మకాయ కర్డ్ (పెరుగు కాదు, నిమ్మరసం, చక్కెర, వెన్నతో ఉడికించిన చిక్కటి ముద్ద) పూశా. పొదలకూరు నిమ్మకాయలు చేతికందే దూరంలో ఉన్నవాళ్ళం, ఆ మాత్రం వాడుకోకపోతే ఎట్లా? చల్లగా ఉంటే కత్తి దిగదు కాబట్టి కోసే గంట ముందు బయట పెట్టాలి. ఆ గంట మనకి మేనమామే ఇస్తాడు.

బటర్‌క్రీమ్ గురించి కూడా అడుగుతారు. వెన్న మన ఎండకి నిలవదు, ఆ తీపి మనవాళ్ళు రెండో ముక్క తినరు. అంతే. లోపల థర్మోకోల్ పెట్టి పైన పూత పూసేది పెళ్ళి కేకులకి సరే, బురుజు నాక్కావాలని ఏడ్చే ఐదేళ్ళ పిల్లకి ఏం పెడతాం? ప్లాస్టిక్ కోట కొని రౌండు కేకు మీద గుచ్చడానికి నా సలహా ఎందుకు.

ఏది చేసినా బురుజుల కప్పులు ఇంట్లో అతికించొద్దు. కోన్లు వేరే డబ్బాలో సర్దుకుని, కేకుని సీటు మీద కాకుండా కారు డిక్కీలో చదునుగా పెట్టి తీసుకెళ్ళండి. సీటు వాలుగా ఉంటుంది, స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడు తెలుస్తుంది. చాక్లెట్ నింపిన పైపింగ్ బ్యాగుని వేణ్ణీళ్ళ ఫ్లాస్కులో దించి పట్టుకెళితే హాలులో పది నిమిషాల్లో అతికించేయచ్చు.

ఈసారి మేనమామ వచ్చేసరికి తొమ్మిదిన్నర. అంతకు ముందే మా అత్తయ్య నేరుగా బల్ల దగ్గరికొచ్చి ఈశాన్యం మూల బురుజుని వేలితో తట్టి చూసింది. "ఏంది, సిమెంటా?" అంది.