జిప్సీ: నల్లరేగడిలో ఏళ్ల తరబడి తిప్పాక

మారుతి వాళ్ల ఫోర్ బై ఫోర్ జీపు జిప్సీని కొనాలనుకునేవాళ్లు ముందు ఇంజన్ సంగతి అడుగుతారు, తర్వాత మైలేజీ. బరువెంత అని ఒక్కరూ అడగరు. ఆదిలాబాద్ పత్తి చేలలో దీన్ని నడుపుతున్న నాకు మాత్రం ఈ బండిలో అన్నిటికన్నా నచ్చింది అదే. సాఫ్ట్ టాప్ జిప్సీ టన్ను కూడా తూగదు. నాది మిలటరీ డిస్పోజల్ బండి, అంటే సైన్యం వాడి అమ్మేసింది. 2000లో మొదలైన 80 హార్స్‌పవర్ ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పంపే) రకం.

ఈ తేలికదనం వంశపారంపర్యం. జపాన్‌లో హోప్ మోటార్ అనే చిన్న కంపెనీ తయారుచేసిన బుల్లి జీపు హక్కుల్ని సుజుకీ 1968లో కొని, దాన్ని మార్చి 1970లో ఎల్‌జే10గా దింపింది. 359 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్. అక్కడి చిన్నకార్ల కోవలోకి రావాలంటే పొడవు 3 మీటర్లు దాటకూడదు. అందుకని స్టెప్నీని వెనక తగిలించకుండా లోపలే పెట్టి, ఒక సీటు వదులుకున్నారు. అంత పిసినారిగా కట్టిన బండి వంశంలోదే 1985 డిసెంబరులో మారుతి తెచ్చిన జిప్సీ: 970 సీసీ, 45 హార్స్‌పవర్, నాలుగే గేర్లు. అప్పట్లో మన సైన్యం వాడే జోంగా అనే పెద్ద జీపులో ఆరు సిలిండర్ల ఇంజన్ ఉండేది, దాదాపు 4 లీటర్లు. దాని ముందు ఇదెంత? అయినా ఆ తర్వాత సైన్యంలో జోంగాల చోటు చాలావరకు జిప్సీలే తీసుకున్నాయి.

బరువు తక్కువైతే ఏమిటి లాభమో నాకు ఒక శ్రావణంలో తెలిసొచ్చింది. ముసురు పట్టి నాలుగు రోజులు. యూరియా బస్తాలు దింపేసి ఖాళీ బండితో చేను బాటన తిరిగొస్తున్నా. నల్లరేగడి తడిస్తే టైర్ల గాడులన్నీ మట్టితో నిండిపోయి చక్రం నున్నగా గుండులా తయారవుతుంది. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే ‘ఫోర్ లో’ వేశాను. కాసేపు బాగానే లాగింది. ట్రాక్టర్లు తిరిగి తిరిగి లోతు పడిన గాడిలోకి చక్రాలు జారేసరికి, నడిమి మట్టికట్ట మీద వెనక యాక్సిల్ నడుమ ఉండే గేర్ల గుండు కూర్చుంది. ఇక చక్రాలు తిరుగుతున్నాయి, బురద ఎగురుతోంది, బండి మాత్రం కదలదు. ట్రాక్టరాయనకు ఫోన్ చేస్తే, వాన తగ్గేదాకా ఆ బాటలోకి తానే రానన్నాడు. ఆయన తప్పేం లేదు, దిగబడితే ఆయన బండిని లాగేదెవరు?

పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు చూసి వచ్చారు. వాళ్లలో పెద్దావిడ, "గట్ల ఎక్సలేటర్ దొక్కితె ఇంక కూసుంటది బిడ్డా, బందువెట్టి దిగు" అంది. గట్టు మీద నిరుటి పత్తికట్టె కుప్పగా ఉంది. దుంగ ఒకటి వెనక బంపర్ కింద దూర్చి ఇద్దరు పైకి లేపుతుంటే, మిగతావాళ్లు, నేను వెనక భాగాన్ని పట్టుకుని జానెడు జానెడుగా గాడి పక్కకు జరిపాం. నిజంగానే జరిగింది! కట్టె పరిచి, మళ్లీ ఫోర్ లో, రెండో గేరు, రేస్ ఇవ్వకుండా వదిలితే మెల్లగా పాకి బయటపడింది. అదే చోట నా తోడల్లుడి పెద్ద డీజిల్ ఫోర్ బై ఫోర్ పోయినేడు ఇరుక్కుంటే, నేల గట్టిపడ్డాక గానీ తీయలేకపోయారు. టార్క్‌లో, అంటే లాగే బలంలో, జిప్సీ దాని ముందు ఎందుకూ పనికిరాదు మరి.

అప్పటినుంచి చాలామందికి దీని గురించి గొప్పలు చెప్పాను. కొన్ని చెప్పలేదు. నిర్మల్ దారిలో లారీ సర్రున దాటిపోతే గాలికి బండి పక్కకు ఊగుతుంది, స్టీరింగ్ రెండు చేతులా పట్టుకోవాల్సిందే. మహబూబ్ ఘాట్‌లో వాన పడ్డప్పుడు ఖాళీ బండి వెనక భాగం మలుపుల్లో ఎగిరి జరుగుతుంది. వెనక ఒక యూరియా బస్తా పడేసి నడిపితే కొంత నయం. తేలికైన బండి కావాలని కొనుక్కుని దానిమీద బరువెక్కించడం ఏమిటని మా ఆవిడ నవ్వుతుంది. ఇక కమాన్ పట్టీలు. చివరిదాకా నాలుగు చక్రాలకూ అవే ఇచ్చారు. బరువు మోసేటప్పుడు బంగారం, ఖాళీగా ఉంటే నడుము పని పడతాయి. నాకు ఇప్పటికే నడుం నొప్పి ఉంది కాబట్టి హైదరాబాద్‌కు బస్సులోనే వెళ్తాను.

2019 నుంచి మామూలు జనానికి కొత్త జిప్సీ దొరకడం లేదు. 2023లో వచ్చిన అయిదు తలుపుల జిమ్నీ నడిపి చూశాను. కాయిల్ స్ప్రింగులతో హాయిగా ఉంది, నడుముకు పండగ. కానీ బరువు 1,200 కిలోల దరిదాపు. దాన్ని గాడిలోంచి జరపాలంటే కలుపు కూలీలు ఇంకో నలుగురు కావాలేమో. పట్నంలో ఉండి ఏడాదికోసారి అడవి చూసొచ్చేవాళ్లైతే అదే తీసుకోండి. మా అబ్బాయి కూడా అదే కావాలంటున్నాడు, పత్తి ధర చూసి ఆలోచిద్దామన్నాను. నాలాగా వానాకాలమంతా చేను బాటల్లో తిరిగేవాళ్లు, అదీ పక్కన మంచి మెకానిక్ ఉంటేనే, డిస్పోజల్ జిప్సీ వెతుక్కోవచ్చు. చూడ్డానికి వెళ్లినప్పుడు పైన రంగు చూడొద్దు, మ్యాట్ ఎత్తి ఫ్లోర్ తుప్పు చూడండి. చాసిస్‌కు బాడీ బిగించిన చోట్ల స్క్రూడ్రైవర్‌తో పొడవండి. లోపలికి దిగిందంటే బేరం ఆడకుండా వచ్చేయండి.