ఉన్ని, కాన్వాస్, పాలీవిస్కోస్: మోటు వాడకానికి ఏ కిల్ట్ మేలు?

చదువుకో ఉద్యోగానికో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో, ఎడిన్‌బరా చేరిన మనవాళ్లలో చాలామంది కిల్ట్, అంటే అక్కడి మగవాళ్లు నడుముకు కట్టే మోకాళ్ల దాకా ఉండే కుచ్చిళ్ల బట్ట, మొదటిసారి కట్టేది ఎవరిదో పెళ్లికి. అద్దెకు తెచ్చుకుని, ముందు తోలు సంచీ వేలాడదీసుకుని, మేజోళ్లు మోకాళ్ల దాకా లాక్కుని ఫొటోలు దిగి, మర్నాడు షాపులో తిరిగి ఇచ్చేస్తారు. ఆ కిల్ట్ గురించి నేనేమీ చెప్పను. వీపున బ్యాగు తగిలించుకుని కొండలెక్కడానికి, రైళ్లలో తిరగడానికి, ఇంటి దగ్గర తోటపనికి, జీన్స్‌ను వాడినంత మోటుగా వాడటానికి ఒకటి కొనాలనుకుంటే ఏది కొనాలన్నదే ఇక్కడ విషయం.

అసలు ఇది పుట్టింది మోటు వాడకానికే. స్కాట్లాండ్ ఉత్తరాన హైలాండ్స్ కొండల్లో పశువుల వెంట తిరిగేవాళ్లు పొడవాటి ఉన్ని గుడ్డను కుచ్చిళ్లు పోసి నడుముకు బెల్టుతో బిగించేవాళ్లు. మిగిలింది భుజాన వేసుకునేవాళ్లు, రాత్రికి అదే దుప్పటి. 1746లో బ్రిటిష్ పార్లమెంటు హైలాండ్ దుస్తుల్ని నిషేధించింది. 1782లో ఆ నిషేధం ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చి స్వయంగా కిల్ట్ కట్టాక అది వేడుకల బట్ట అయి కూర్చుంది. ఇప్పుడు షాపుల్లో కనిపించే అద్దె సరుకంతా ఆ బాపతే.

కొనేముందు అందరూ జేబులెన్ని, రంగేంటి అని చూస్తారు. నా లెక్కలో ముందు అడగాల్సింది ఒకటే: తడిస్తే దీని పరిస్థితి ఏంటి? ప్రయాణంలో ఉన్నప్పుడు మీ దగ్గర ఉండేది ఒకే కిల్ట్. వానలో తడిసేది అదే, రాత్రి ఉతకాల్సింది అదే, పొద్దున్నే కట్టుకోవాల్సిందీ అదే. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ముందు ఉన్ని. సంప్రదాయ కిల్ట్‌కు ఎనిమిది గజాల గుడ్డ పడుతుంది. మిల్లులు దీన్ని రెట్టింపు వెడల్పున నేసి (అలాంటిది నాలుగు గజాలైతే కిల్ట్‌కు ఎనిమిది గజాల లెక్క) గజం బరువును బట్టి అమ్ముతాయి: 13 ఔన్సులది మధ్యరకం, 16 ఔన్సులది బరువైంది. 16 ఔన్సుల గుడ్డతో కుట్టిన ఎనిమిది గజాల కిల్ట్ రెండు కిలోల దగ్గర తూగుతుంది. లుంగీ అలవాటున్నవాళ్లకు కాళ్లకు గాలి ఆడటం కొత్త కాదు గానీ, వెనక ఇంత బరువు ఊగడం మాత్రం కొత్తే. ఆ బరువు దండగ కాదు. కొండమీద ఈదురుగాలి కొట్టినప్పుడు కిల్ట్ పైకి లేవకుండా కాపాడేది అదే. సన్నని జల్లు ఉన్ని మీద కాసేపు ముత్యాల్లా నిలుస్తుంది, దులిపితే పోతుంది. పూర్తిగా తడిసినా ఒంటికి వెచ్చదనం ఉంటుంది. చెమట వాసన పట్టదు కనుక వారమంతా కట్టినా రాత్రిపూట హ్యాంగరుకు తగిలిస్తే చాలు. నిప్పురవ్వ పడితే ఆ చోట కమిలి ఆరిపోతుంది, అంటుకోదు.

మరి ఇబ్బంది ఎక్కడంటే, నిజంగా మురికైనప్పుడు. మెషీన్‌లో వేయకూడదు. చేత్తో ఉతకాలంటే ముందు కుచ్చిళ్లన్నీ దారంతో టాకాలు వేసుకోవాలి. ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు. ఇంట్లో బీరువాలో పెడితే చిమ్మెటల భయం. చేత్తో కుట్టిన ఎనిమిది గజాలది 500 పౌండ్లు దాటడం మామూలే. అంత పెట్టి కొన్నదాన్ని కట్టుకుని ముళ్లకంచె దాటడానికి ఎవరికైనా చేతులు రావు. ఉన్నిలోనే మోటు వాడకానికి పనికొచ్చేవి నాలుగైదు గజాలతో కుట్టినవి. కుచ్చిళ్లు తక్కువ కాబట్టి బరువూ ధరా రెండూ తగ్గుతాయి, నడకకూ సులువు.

రెండోది కాన్వాస్ రకం, అంటే యుటిలిటీ కిల్ట్. 2000లో సియాటిల్‌లో మొదలైన యుటిలికిల్ట్స్ దీనికి పేరు తెచ్చింది. టార్టన్ గళ్లు ఉండవు. ఖాకీ, నలుపు, ఆలివ్ రంగుల మందపాటి కాటన్, పక్కన కార్గో జేబులు, ముందు టిచ్ బటన్లు, బెల్టు దూర్చే లూపులు. జీన్స్‌లాగే తుంటి దగ్గర నిలుస్తుంది. వడ్రంగి పనికి, బండి రిపేరుకు, తోటలో మోకాళ్ల మీద కూర్చుని కలుపు తీయడానికి దీన్ని మించింది లేదు. సుత్తి తగిలించుకోవచ్చు, టేపు పెట్టుకోవచ్చు, గ్రీజు అంటితే మెషీన్‌లో పడేయొచ్చు. ఉన్నిని చూసుకున్నంత అపురూపంగా చూసుకోనక్కర్లేదు.

కానీ వానలో దీని బండారం బయటపడుతుంది. కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, చల్లబడుతుంది, తొందరగా ఆరదు. అన్నిటికంటే నరకం వెనక అంచు. తడిసి గట్టిపడిన ఆ అంచు అడుగు తీసినప్పుడల్లా మోకాలి వెనక మడతలో రాసుకుంటుంది. కొన్ని గంటలు నడిస్తే అక్కడ గీరుకుపోయి ఎర్రబడుతుంది. మిల్గయ్ నుంచి ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు సాగే వెస్ట్ హైలాండ్ వే నడకదారి మీదికి ఎవరైనా కాన్వాస్ కిల్ట్‌తో బయల్దేరతానంటే నేను వద్దనే అంటాను. ఎండకాలంలో అమెరికా పడమటి రాష్ట్రాల్లో తిరిగేవాళ్లకు ఈ బాధ లేదు, వాళ్లు హాయిగా కొనుక్కోవచ్చు.

ఇక పాలీవిస్కోస్. పేరు కొత్తగా ఉన్నా ఈ బట్ట మనకు పాతదే, మన స్కూల్ యూనిఫాం ప్యాంట్లు చాలావరకు ఇదే. పాలియెస్టర్, విస్కోస్ కలిపి నేసిన ఈ గుడ్డకు ఒకసారి వేడితో మడత పెడితే ఊడదు. కాబట్టి కుచ్చిళ్లు ఉతుకులకు తట్టుకుంటాయి. టార్టన్ గళ్లు కావాలంటే దొరుకుతాయి. చూపుకు ఉన్నిలాగే ఉంటుంది, ముట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. హాస్టల్ బాత్రూంలో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, కిటికీ దగ్గర వేలాడదీస్తే పొద్దుటికి కింది భాగం ఆరిపోతుంది. నడుము దగ్గర కుచ్చిళ్లు కుట్టినచోట గుడ్డ పొరలు పొరలుగా ఉంటుంది కదా, అక్కడ మాత్రం కాస్త చెమ్మ మిగులుతుంది. కట్టుకున్నాక ఒంటి వేడికి అదీ ఆరుతుంది. ధర చేత్తో కుట్టిన ఉన్నిదానితో పోలిస్తే చాలా తక్కువ.

లోపాలు లేకపోలేదు. గుడ్డ తేలిక కనుక గాలికి లేస్తుంది, పెద్ద గాలుల్లో ఒక చెయ్యి వెనకే ఉంచుకోవాలి. చలిమంట దగ్గర కూర్చుంటే నిప్పురవ్వ పడినచోట కరిగి చిల్లు పడుతుంది. ముళ్లపొదల్లో దారాలు లేస్తాయి.

మధ్యేమార్గంగా రిప్‌స్టాప్ గుడ్డతో, అంటే చిరుగు పాకకుండా నేసినదానితో, కుట్టిన టాక్టికల్ కిల్ట్‌లు కూడా వస్తున్నాయి. కాన్వాస్ కంటే తొందరగా ఆరతాయి, జేబులూ ఉంటాయి. పోలీసు డ్యూటీకి బయల్దేరినట్టు కనిపించడం మీకు అభ్యంతరం కాకపోతే మంచి బేరమే. టూరిస్టు షాపుల్లో చవగ్గా వేలాడే ఆక్రిలిక్ కిల్ట్‌లను మాత్రం చూసి వదిలేయండి. కొన్నాళ్లకే ఉండలు కడతాయి, కుచ్చిళ్లు నిలవవు.

బ్యాగు సంగతి చాలామందికి తట్టదు. సంప్రదాయ కిల్ట్ బొడ్డు దగ్గర నిలుస్తుంది. తోలు పట్టీలూ బకిల్సూ అక్కడే ఉంటాయి. పెద్ద బ్యాగు నడుంపట్టీ సరిగ్గా వాటి మీదికే వచ్చి బిగుస్తుంది. ముందు తోలు సంచీ, అదే స్పోరన్, కట్టుకుంటే దాని గొలుసు నడుం చుట్టూ తిరిగి వీపు వైపు బ్యాగు కింద పడి ఒత్తుతుంది. అందుకే నడకకు వెళ్లేటప్పుడు స్పోరన్ ఇంట్లో పెట్టి, ఫోనూ పర్సూ బ్యాగు నడుంపట్టీ జేబులో వేసుకోవడం సుఖం. జేబుల విషయంలో యుటిలిటీ కిల్ట్ గెలిచినట్టు కనిపిస్తుంది గానీ, నిండా కుక్కిన కార్గో జేబులు అడుగడుగునా తొడకు కొట్టుకుంటాయి. మేజోడులో దోపుకునే చిన్న కత్తి మీ దగ్గర ఉంటే ఎయిర్‌పోర్టుకు ముందే చెకిన్ సూట్‌కేసులో వేసేయండి.

సర్దడానికి కిల్ట్ కట్టి వాయించే స్కాట్లాండ్ బ్యాండ్‌మేళం వాళ్ల పద్ధతి బాగుంటుంది. కిల్ట్‌ను పరిచి, కుచ్చిళ్లు సరిచేసి, ఒక చివర నుంచి గట్టిగా చుట్టి, పాత నైలాన్ మేజోడు కాలు కత్తిరించి అందులోకి దూరుస్తారు. ఎంత దూరం పోయినా మడత చెదరదు.

ఏ గుడ్డయినా ఒక విషయంలో తేడా లేదు. ఎండాకాలంలో స్కాట్లాండ్ పడమటి తీరాన మిడ్జ్ అనే, దోమల్లా కుట్టే చిన్న ఈగలు ముసురుతాయి, గడ్డిలో లైమ్ జబ్బు అంటించే గోమార్లు ఉంటాయి. పొడవాటి మేజోళ్లు, కాళ్లకు దోమల మందు, రాత్రి పడుకునే ముందు మోకాళ్ల వెనక ఒకసారి తడిమి చూసుకోవడం తప్పదు. లోపల ఏం వేసుకోవాలన్న జోకు పెళ్లిళ్లకు వదిలేసి, నడకకు మాత్రం బిగుతు షార్ట్స్ వేసుకోండి. లేకపోతే తొడలు ఒరుసుకుపోతాయి.

ఒక్కటే కొనాలి, దాంతోనే తిరగాలి అంటే నా ఓటు ఐదు గజాల పాలీవిస్కోస్‌కే. ఊరు కదలకుండా పనిచేసుకునేవాళ్లకు కాన్వాస్. ఏడాదంతా స్కాట్లాండ్‌లోనే ఉండి చలిలో నడిచేవాళ్లకు ఉన్ని, అదీ కొత్తది కాదు. అద్దె షాపులు తిప్పి తిప్పి పక్కన పెట్టిన ఉన్ని కిల్ట్‌లను చవగ్గా అమ్మేస్తుంటాయి. చిరిగినా ప్రాణం ఉసూరుమనదు. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చిమ్మెట చిల్లులున్నాయేమో చూడండి, పట్టీల తోలు పగిలిందేమో వంచి చూడండి. జీన్స్ సైజు చెప్పి మాత్రం ఏ కిల్టూ కొనకండి. సంప్రదాయ రకానికి బొడ్డు దగ్గర, యుటిలిటీ రకానికి తుంటి దగ్గర టేపు పెట్టి కొలవాలి. పొడవు మోకాలి చిప్ప పైఅంచు దగ్గర ఆగేలా చూసుకుంటే తడి అంచు గొడవ సగం తీరినట్టే.